మంచుకోటకు ఎన్ని ఆమడలు

లేని లోకానికి కొలతలేమిటని బయటివాళ్లు నవ్వుకోవచ్చు గాని, ఆ అచ్చాఫీసులో ఆ మాట అన్నవాడికి ఆ పూట టీ కూడా పుట్టేది కాదు. పదకొండు సంపుటాల నవలగా ఆ లోకమే వాళ్లందరికీ ఇంత కూడు పెడుతోంది. పన్నెండోది, ఆఖరిది, శుక్రవారం అచ్చు ప్లేట్లకు వెళ్లాలి. మంగళవారం పదకొండు గంటలకు లెక్కల మాస్టారి ఉత్తరం వచ్చింది.

మాస్టారికి అచ్చుకు ముందే ప్రూఫు కాపీ పంపడం ఆ ఆఫీసు అలవాటు. ఆయన మహా అయితే ఒకటో రెండో అక్షరదోషాలు పట్టి, చివర "శుభం" అని రాసి పంపేవాడు. ఈసారి మూడు పేజీలు రాశాడు. మేనేజరు హాలు మధ్యలో నిలబడే చదవడం మొదలుపెట్టాడు. సగానికి వచ్చేసరికి కుర్చీ లాక్కున్నాడు.

"కామా, ఇలా రా. ఇది పైకి చదువు. నాకు బుర్ర తిరుగుతోంది" అన్నాడు.

కామా అంటే అక్కడ ప్రూఫులు చూసే ఆవిడ. తాను చూసిన ప్రతి పేజీ మూలనా ఎర్రసిరాతో చిన్న కామా గుర్తు పెడుతుంది. ఆ గుర్తు లేనిదే ఏ కాగితమూ ప్లేటు ఎక్కదు. అలా ఆ పేరు స్థిరపడిపోయి, అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా లేకుండా పోయింది.

ఆమె చదివింది. "అయ్యా, మూడో సంపుటంలో ముసలి పంతులమ్మ మంచుకోటలో నూరు అంగుళాల గడ పాతింది. అక్కడ రేవుపట్నం బావిలో సూర్యుడు నిట్టనిలువునా కనబడే రోజున, అదే మిట్టమధ్యాహ్నం, ఇక్కడ గడ నీడ ఇరవయ్యొక్క అంగుళాలు పడింది. అంటే పన్నెండు డిగ్రీలు. లోకం చుట్టూ ఉన్న మూడు వందల అరవైలో ముప్పయ్యో వంతు. కాబట్టి ఆ రెండు ఊళ్ల మధ్య దూరాన్ని ముప్పైతో హెచ్చవేస్తే ఆ లోకం చుట్టుకొలత వచ్చేస్తుంది. మీ పటంలో దూరం యాభై ఆమడలుంది. చుట్టుకొలత పదిహేను వందలు. బాగానే ఉంది. కాని ఆ దారినే ఉత్తరాలవాడు నలభై రోజులు నడిచాడు. వాడు రోజుకు రెండున్నర ఆమడలు నడిచేవాడని ఐదో సంపుటంలో ఒక ముక్క ఉంది. అలాగైతే దూరం నూరు ఆమడలు, చుట్టుకొలత మూడు వేలు."

ఆమె గుక్క తిప్పుకుంది. హాల్లో టైపు చేసేవాళ్ల చేతులు ఆగిపోయాయి.

"పన్నెండో సంపుటంలో ఓడ రోజుకు పదిహేను ఆమడల చొప్పున లోకాన్ని చుట్టి నూరో రోజున రేవుకు చేరుతుంది. లోకం మూడు వేల ఆమడలైతే రెండు వందల రోజులు పట్టాలి. వాళ్ల దగ్గరున్న నీళ్లు నూట ఇరవై రోజులకే. దయచేసి ఏది నిజమో తెలియజేయండి. ఆ ఓడలో ఉన్నవాళ్ల సంగతి తేలేదాకా నాకు అన్నం సహించేలా లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు నవ్వలేదు. "అంటే పటం తప్పన్నమాట" అన్నాడు.

హాలు చివర, కిటికీ పక్కన ఏటవాలు బల్ల ముందు పటాలాయన కూర్చుని ఉన్నాడు. ఆ పదకొండు సంపుటాల్లో ప్రతి కొండా, ప్రతి వాగూ ఆయన చేతి గీతే. కామాకు మేనమామ. ఆయన కలం కాగితం మీంచి లేచింది గాని, తల ఇటు తిరగలేదు.

"అవునండీ. తప్పు నాదే" అన్నాడు.

కామాకు మతి పోయినట్టయింది. వెంట్రుకవాసి గీత పక్కకు జరిగిందంటే, పటాల్ని ఫోటో తీసే కెమెరా గదివాళ్లతో అరపూట కొట్లాడే మనిషి! ఉత్తరం చేతికి తీసుకోనైనా లేదు.

మేనేజరు చెడ్డవాడేం కాదు. కాని కాగితం వచ్చి గోదాములో పడి ఉంది, మిషను ఆ వారమంతా దీనికే ఖాళీగా ఉంచారు, పుస్తకం కోసం ఊరూరా జనం కాచుకుని ఉన్నారు. అలాంటప్పుడు మంచివాళ్లకు కూడా నాలుక పదునెక్కుతుంది. "పెద్దాయనా, ఇన్నేళ్లు మీ గీతకు దణ్ణం పెట్టి ఊరుకున్నాం. ఈ సంగతి బయటికి పొక్కితే మన పరువు గంగలో కలుస్తుంది. కొత్త పటాలు కంప్యూటరు మీద వేయిస్తాను. లోపలి పేజీలో 'పటాలు' అని మీ పేరున్న వరుస తీసేస్తున్నాను. మీరిక ఇంట్లో విశ్రాంతి తీసుకోండి" అన్నాడు.

"మీ ఇష్టమండీ" అన్నాడు పటాలాయన. కలం సిరాలో ముంచి, గీస్తున్న తీరం గీతను మళ్లీ అందుకున్నాడు. మామూలుగా ఒక్క ఊపులో సాగే గీత, ఆ పూట నాలుగు చోట్ల ఆగింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక కామా ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది. "మావయ్యా, ఉత్తరం చూడకుండానే తప్పు నీదని ఎలా ఒప్పేసుకున్నావ్?"

"చూడాల్సిన పనేముందే. పటం నాది, తప్పు నాది."

"నువ్వు తప్పు చెయ్యవు."

"నేనేమైనా దేవుణ్ణా? వెళ్లి అన్నం తిను."

"నువ్వు గీసిన అసలు పెద్ద షీటు చూద్దాం. మూడో సంపుటం సొరుగు తాళం ఇవ్వు."

"తాళం ఎక్కడో పడిపోయింది" అన్నాడాయన. చొక్కా జేబులోంచి తాళంచెవి నల్లదారం రెండంగుళాలు బయటికి వేలాడుతూనే ఉంది. ఆమె దాన్ని చూసింది. ఆమె చూసిందని ఆయన కూడా గమనించాడు. అబద్ధమాడడం కూడా చేతకాని మనిషి, తప్పెలా చేశాడో ఆమెకు అంతుపట్టలేదు.

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి మొండిగా మొదటి నుంచీ లెక్క వేసింది. లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయమే. అందుకని సూత్రాల జోలికి పోకుండా, కాగితం మీద నూరు మిల్లీమీటర్ల నిలువుగీత గీసి, దాని అడుగున ఇరవయ్యొక్క మిల్లీమీటర్ల నీడ గీసి, కొసలు కలిపి, కోణమానిని పెట్టి చూసింది. పన్నెండు. మళ్లీ గీసింది. పన్నెండే. మూడో సంపుటం తెరిచి, పటంలో రేవుపట్నం చుక్క నుంచి మంచుకోట చుక్కకు స్కేలు ఆనించింది. సరిగ్గా పది సెంటీమీటర్లు. పటం కింద కుడిమూలన నలుపు తెలుపు గళ్లతో దూరాలు చూపే కొలత పట్టీ ఉంది. పట్టీ పొడవు ఐదు సెంటీమీటర్లు, దాని మీద ఇరవై ఐదు ఆమడలని రాసి ఉంది. కాబట్టి ఊళ్ల మధ్య యాభై. మాస్టారి మాటలో ఆవగింజంత తేడా లేదు.

ఆ ఉత్తరాలవాడంటే పాఠకులకు మహా లోకువ. యాభై ఆమడలకు నలభై రోజులు తీసుకున్నాడని వాడికి 'నత్త' అని పేరు పెట్టారు. ఊళ్లో ఏ బస్సు ఆలస్యమైనా "ఉత్తరాలవాడు తోలుతున్నట్టున్నాడు" అనుకునేవాళ్లు. కామా కూడా ఎన్నోసార్లు నవ్వింది. ఆ పూట మాత్రం నవ్వు రాలేదు.

బుధవారం పొద్దున్నే లోపలి పేజీ ప్రూఫు ఆమె బల్ల మీదికి వచ్చింది. రచయిత్రి పేరుంది, ముద్రణ సంవత్సరం ఉంది, అట్ట వేసినవాళ్ల పేరుంది. వాటి మధ్య ఒక వరుసంత తెల్లగా ఖాళీ ఉంది.

ఆమె ఎర్ర కలం మూత తీసింది. మూత పెట్టింది. మళ్లీ తీసి, "వరుసల మధ్య ఎడం సమంగా లేదు" అని రాసి వెనక్కి పంపింది.

గంటలో సరిచేసి తెచ్చారు. ఇప్పుడు ఖాళీ లేదు. మిగిలినవి దగ్గరగా జరిగి, అక్కడ ఎవరూ ఎప్పుడూ లేనట్టే ఉంది. "సంవత్సరం అంకెలు పల్చగా పడ్డాయి" అని రాసి పంపింది. మూడోసారి వచ్చినప్పుడు "కాగితం మసకగా ఉంది, ఇంకో ప్రూఫు తీయండి" అంది.

నాలుగోసారి మేనేజరే పట్టుకొచ్చాడు. "నేనేం పసివాణ్ణి కాదమ్మా. మేనమామ మీద ప్రేమ ఉంటే ఉండనీ, పని పనే. ఆయనే ఒప్పుకున్నాక మధ్యలో నీకేమిటి?"

"ఒప్పుకుంటే మాత్రం అడగక్కర్లేదా అండీ? ఎలా జరిగిందో ఒక్కరైనా అడిగారా?"

"అడిగి ఏం చెయ్యను? రేపు మధ్యాహ్నం రచయిత్రి అమ్మగారు వస్తున్నారు. ఆవిడ వచ్చేసరికి ఈ కాగితం మీద నీ గుర్తుండాలి. లేకపోతే గుర్తు పెట్టడానికి వేరే మనిషిని చూసుకుంటాను. బెదిరిస్తున్నాననుకోకు."

బెదిరించడమే అది. కామా కాగితాన్ని సొరుగులో పెట్టి, నాలుగు నుంచి పదకొండు దాకా ఉన్న సంపుటాలన్నీ ముందేసుకుంది. ప్రతి పటంలోనూ ఆ రెండు ఊళ్లున్నాయి. ప్రతి పటాన్నీ కొలిచింది. ఒకదాంట్లో ఊళ్లు దగ్గరగా, ఒకదాంట్లో దూరంగా ఉన్నాయి. పట్టీలు పొట్టివీ పొడుగువీ ఉన్నాయి. లెక్క వేస్తే మాత్రం ఎనిమిదింటిలోనూ యాభై ఆమడలే. ఒకసారి చెయ్యి జారితే పొరపాటు. వెంట్రుకవాసి తేడా లేకుండా ఎనిమిదిసార్లు అదే చోట ఎవరి చెయ్యీ జారదు. మావయ్య కావాలనే యాభై గీశాడు. ఎందుకో తెలియక ఆమెకు భయం వేసింది.

సాయంత్రం ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. మావయ్య పక్క వాటాలోనే ఉంటాడు, భోజనం మాత్రం అక్కగారింట్లోనే. కామా తల్లికి ఇంకా ఏమీ తెలియదు. తమ్ముడు అన్నం కెలుకుతున్నాడని, కూతురు పెదవి విప్పడం లేదని విసుక్కుంటూ వడ్డిస్తోంది. అంతలో పక్కింటావిడ గిన్నె తిరిగిచ్చేందుకు వచ్చి, గుమ్మంలోనే చతికిలబడింది. వాళ్లమ్మాయికి కొత్తగా ఉద్యోగమైందట, చేరి నాలుగు రోజులైందట, పని అర్థంకాక ఏడుస్తోందట.

"ఏడవద్దని చెప్పండి. నాలుగు రోజుల్లో ఏమైనా చెయ్యొచ్చు" అంది తల్లి. గరిటె చేతిలో ఉండగానే గొంతు ఉత్సాహం పుంజుకుంది. "మా పిల్ల చేరిన వారంలోనే ఏం చేసిందో తెలుసా?"

"అమ్మా, ఇప్పుడెందుకే" అంది కామా. ఆ కథ చుట్టపక్కాలందరికీ కంఠతా వచ్చు.

"నువ్వుండవే. వీడు పే...ద్ద షీటు మీద పటం గీసి కెమెరా గదికి పంపాడండీ. పుస్తకంలో పట్టాలని వాళ్లు దాన్ని సగానికి సగం చిన్నది చేసి పంపారు. తీరా చూస్తే మూలన ఉండాల్సిన కొలత పట్టీ లేదు! జిగురు ఎండిపోయి ఊడి, కవరు అడుగున పడి ఉంది. ఇంతమంది ఉన్న ఆఫీసులో ఎవరి కంటా పడలేదు. మా పిల్ల చూసింది. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. జిగురు రాసి టక్కున అంటించేసింది. లేకపోతే కొలతే లేకుండా అచ్చయిపోయేది పటం!"

"అబ్బో, గట్టిదే!" అంది పక్కింటావిడ.

మావయ్య మంచినీళ్ల గ్లాసు ఎత్తి గడగడా తాగాడు. ఆ కథ దగ్గర ఆయన ఎప్పుడూ నీళ్లు తాగుతాడు. పదిహేనేళ్లుగా, పెళ్లి పందిళ్లలోనూ పేరంటాల్లోనూ, కామా చూస్తూనే ఉంది. ఎందుకని ఏనాడూ అనుకోలేదు.

ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది. పటాన్ని సగానికి చిన్నది చేశారు. పట్టీ అప్పటికే ఊడిపోయి కవర్లో ఉంది. పట్టీని ఎవరూ చిన్నది చెయ్యలేదు.

ఆమె తల ఎత్తింది. మావయ్య ఖాళీ గ్లాసును ఇంకా పెదాల దగ్గరే పట్టుకుని, దాని అంచు మీదుగా ఆమెనే చూస్తున్నాడు. ఆమెకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది. "ఇంకొంచెం కూర వెయ్యక్కా" అన్నాడు.

గురువారం ఆఫీసు తలుపులు తీసే వేళకే ఆమె వెళ్లింది. ఆయన అప్పటికే వచ్చి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె చెయ్యి చాపింది. ఆయన నల్లదారం పట్టి లాగి తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు.

మూడో సొరుగు బిగుసుకుపోయి ఉంది. ఇద్దరూ చెరో పక్కా పట్టి లాగారు. పెద్ద షీటు పైకి తీసి బల్ల మీద పరిచారు. పాతబడి అంచులు పసుపు తిరిగాయి గాని, గీతలు నిన్న గీసినట్టున్నాయి. ఆమె స్కేలు పెట్టింది. రేవుపట్నం నుంచి మంచుకోటకు ఇరవై సెంటీమీటర్లు. కుడిమూలన పట్టీ లేదు. ఐదు సెంటీమీటర్ల పొడవున, ఎండిన జిగురు మరక గోధుమరంగులో ఉంది.

ఆ సొరుగులోనే కెమెరా గది నుంచి వచ్చిన చిన్న ప్రతి కూడా ఉంది. దాని మీద ఐదు సెంటీమీటర్ల పట్టీ, కాస్త వంకరగా, అంచుల వెంట జిగురు ఉబికి, పైన బొటనవేలి ముద్రతో సహా అంటుకుని ఉంది. ఆ పట్టీ పెద్ద షీటు మీదే ఉండి ఉంటే రెండున్నరకు తగ్గేది, దూరం నూరు ఆమడలు వచ్చేది. ఉత్తరాలవాడు రోజుకు రెండున్నర చొప్పున నలభై రోజుల్లో నిక్షేపంగా నడిచి వెళ్లేవాడు. మనిషి నత్త కాదు. ఆమె బొటనవేలు వాణ్ణి నత్తను చేసింది.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"పుస్తకం చేతికొచ్చిన రోజునే. పటం తియ్యగానే కనబడింది."

"మరి చెప్పలేదేం మావయ్యా? నాలుగు తిట్టి ఉండొచ్చుగా!"

ఆయన షీటు మీద లేని దుమ్మును గుడ్డతో తుడిచాడు. "తిడదామనే ఇంటికి వచ్చాను. నేను వచ్చేసరికి అక్క ఆ కథ చెబుతోంది ఎవరికో. చెప్పి చెప్పి నవ్వుతోంది. బావ పోయాక ఆ ఇంట్లో నవ్వు వినడం అదే మొదలు. నేను నీళ్లడిగి తాగేసి వచ్చేశాను."

కామాకు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. షీటు మీద పడకుండా వెనక్కి జరిగింది.

"ఆ తర్వాత ఎనిమిది పటాలు... అన్నీ తెలిసి తెలిసి తప్పు కొలతతో గీశావా?"

"తప్పు కొలతతో కాదే. నీ కొలతతో గీశాను. ఒక్కటి సరిగ్గా గీసినా మూడోది తప్పని బయటపడిపోతుంది. అదంతా అయిపోయిన సంగతి. ఆ కాగితం మీద నీ గుర్తు పెట్టెయ్. నాకు కూడా చెయ్యి వణుకుతోంది, ఇవాళ కాకపోతే రేపైనా మానాల్సిందే."

"నీ చెయ్యేం వణకడం లేదు" అంది ఆమె కోపంగా.

అమ్మగారు పన్నెండింటికి వచ్చింది. ఆ లోకాన్ని పుట్టించిన మనిషి. డెబ్బై దాటింది, చేతికర్ర ఉంది, ఆ కర్ర నడవడానికి తక్కువ, బల్లలు చరవడానికి ఎక్కువ. మేనేజరు ఉత్తరం చదివి వినిపించి, తప్పు ఎవరిదో తేలిపోయిందని, చర్య కూడా తీసుకున్నామని, ఓడ కోసం లోకాన్ని పదిహేను వందల ఆమడలే ఉంచి, మలిముద్రణలో ఉత్తరాలవాడి నలభై రోజుల్ని ఇరవై చేస్తే గొడవ వదిలిపోతుందని, అమ్మగారు ఊ అంటే రేపు యథాప్రకారం ప్లేట్లకు పోవచ్చని గడగడా చెప్పేశాడు.

"ఏమయ్యా, నువ్వా తప్పు చేసింది?" అంది అమ్మగారు పటాలాయన వైపు తిరిగి.

"నేనే అమ్మగారూ."

"కామా, ఆ లోపలి పేజీ ఇలా తీసుకురా" అన్నాడు మేనేజరు.

కామా సొరుగులోంచి కాగితం తీసింది. మూలన గుర్తు లేదు. దాన్ని బల్ల మీద పెట్టి, పక్కన చిన్న ప్రతి పెట్టి, రెండిటి కిందా పెద్ద షీటు పరిచింది. పదిహేనేళ్లుగా ఊరివాళ్ల తప్పులన్నిటికీ ఎర్రసిరా పూసిన మనిషి, తన తప్పు చెప్పడానికి మాట వెతుక్కోవలసి వచ్చింది.

"ఆయన అబద్ధం చెబుతున్నాడమ్మగారూ. పటం తప్పు కాదు. పట్టీ అంటించింది నేను" అంది. తర్వాత ఆగకుండా, మరక చూపించి, కొలిచి చూపించి, చివరికి బొటనవేలి ముద్ర మీద తన బొటనవేలు ఆనించి కూడా చూపించింది. "కొత్తగా చేరాను. ఎవర్నీ అడగకుండా అంటించేశాను. పైగా గొప్ప పని చేశాననుకుని ఇంటికి పరిగెత్తాను."

మావయ్య కిటికీ వైపు తిరిగిపోయాడు.

మేనేజరు ముఖం ఎర్రబడింది. "అయితే పోవాల్సింది ఆయన కాదు, నువ్వు! అందరి తప్పులూ పట్టే మనిషివి..."

"నువ్వు కాసేపు నోరు మూసుకో నాయనా" అంది అమ్మగారు. ఆవిడ మేనేజరును చూడడం లేదు, కామాను చూడడం లేదు. మంచుకోట దారి మీద వేలు పెట్టి, మెల్లగా పైదాకా పోనిచ్చింది. "నూరు ఆమడలు. నేను నూరే అనుకున్నాను. నడిచేవాడికి నలభై రోజులు పడుతుందని లెక్క వేసే రాశాను. తీరా అందరూ వెక్కిరిస్తుంటే నాకే మతి తప్పిందనుకున్నాను. ఆ వెక్కిరింతలు పడలేక ఆరో సంపుటంలో వాడికి కుంటికాలు పెట్టాను తెలుసా? బంగారంలాంటి కాలయ్యా వాడిది!"

ఎవరూ నవ్వలేదు. ఆవిడ నిజంగానే బాధపడుతోంది.

"తెలిసి కూడా పదిహేనేళ్లు నాకు చెప్పలేదు నువ్వు" అని కర్ర పటాలాయన వైపు ఎత్తింది. "ఈ పిల్ల చేసింది పొరపాటు. నువ్వు చేసింది ద్రోహం."

"అవునమ్మగారూ" అన్నాడాయన.

ఆ మాట కామాకు తగిలినంతగా ఆయనకు తగల్లేదు. ఆయన దాన్ని ఎప్పుడో తనకు తానే అనుకుని ఉంటాడు.

"అమ్మగారూ, రేపే ప్లేట్లు" అన్నాడు మేనేజరు. "ఇరవై రోజులని ఒక్క మాట మారిస్తే..."

"ఎవరి మాట మారుస్తావ్? వాడు నలభై రోజులు నడిచాడు. చెప్పులు రెండు జతలు అరిగాయని కూడా రాశాను. లోకం మూడు వేల ఆమడలు, అంతే."

"మరి ఓడ? నూరో రోజున ఓడలోని పిల్ల రేవులో దిగి వాళ్లమ్మను కావలించుకుంటుంది. పుస్తకమంతా దానికోసమే కదండీ. రెండు వందల రోజులైతే..."

"నూట ఇరవయ్యో రోజున నీళ్లయిపోతాయి. నాకు తెలీదూ? అందులో పద్దెనిమిది మంది ఉన్నారు." అమ్మగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. కాసేపటికి ఆవిడ కళ్లు తెరవకుండానే అడిగింది. "ఏమయ్యా పటాలాయనా, దారిలో ఎక్కడైనా ఒక దీవి పెట్టడానికి చోటుందా? మంచినీళ్ల ఊట ఉన్న దీవి."

పటాలాయన గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు సగం లోకం ఖాళీయే కదమ్మగారూ."

ఆవిడ కళ్లు తెరిచి ఆయన్ని చూసింది. పెదవి మూల కాస్త కదిలింది. "మూడు వారాలు కావాలి నాకు. నాలుగు అధ్యాయాలు వెనక్కి తీసుకుంటున్నాను" అంది మేనేజరుతో. "ఈయన గీసిన షీట్లు ఈయనకు తప్ప ఎవరికి తెలుస్తాయి? ఎనిమిది పటాలు మళ్లీ గీయాలి. గీసినవాడి పేరు పుస్తకంలో ఉండాలి. నీకు అభ్యంతరమైతే చెప్పు, పన్నెండో సంపుటం సంచిలో పెట్టుకుని ఇంటికి పోతాను."

మేనేజరు లోపలి పేజీ ప్రూఫును నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశాడు. కాని ఆయనకూ తన మర్యాద ఒకటుంది. కామా వైపు తిరిగి, "తప్పొప్పుల పట్టిక వేస్తాం. నువ్వే రాయాలి. కింద గుర్తు కాదు, పూర్తి పేరు పెట్టాలి. ఆరు నెలలు నీ కామా చెల్లదు. నువ్వు చూసిన పేజీ ఇంకొకరు చూడాలి" అన్నాడు.

"అలాగేనండీ" అంది కామా. చెంపలు మండుతున్నా, రెండు రోజులుగా పట్టేసిన ఊపిరి అప్పుడు వదిలింది.

శుక్రవారం ప్లేట్లు లేవు. మిషను గది బోసిపోయి ఉంది. కామా చిన్న ప్రతి మీది పట్టీ అంచుల్ని తడి దూదితో అద్దుతూ, గోటితో కాకుండా బ్లేడు వీపుతో కొంచెం కొంచెంగా లేపుతోంది. అరగంట పట్టింది. పట్టీ చిరగకుండా ఊడి వచ్చింది. దాన్ని పెద్ద షీటు మూలన గోధుమరంగు మరక మీద పెట్టి చూసింది. అటూ ఇటూ గీతంత తేడా కూడా లేకుండా సరిపోయింది. జిగురు పల్చగా రాసి ఆనించి, బొటనవేలు ఎత్తింది.

"వేలితో కాదు, గుడ్డతో" అన్నాడు మావయ్య, తల తిప్పకుండానే. ఆయన పక్కన ఇంకో షీటు మీద దీవికి చోటు చూస్తున్నాడు.

ఆమె గుడ్డతో అద్దింది. స్కేలు తీసుకుని రెండు చుక్కల మధ్యా కొలిచింది. "నూరు" అంది.

"ఊఁ" అన్నాడాయన. కాసేపాగి, "ఇదంతా అక్కకు చెప్పకు" అన్నాడు.

"పట్టికలో నా పేరు పడుతుందిగా. చూడదా?"

"అక్క ఏ పుస్తకంలోనైనా నా పటాలు తప్ప ఏం చూసింది? చెప్పకు. ఆ కథ చెప్పుకోనీ."

"నీళ్లు తాగుతూ కూర్చుంటావా ఇంకా?"

"అలవాటైపోయింది. నువ్వు కూడా ఒక గ్లాసు పెట్టుకో."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. షీటును రెండు చేతులతో ఎత్తి, చుట్టకుండా, అట్ట మీద పరిచి క్లిప్పులు పెట్టింది. ఆయన లేచి వచ్చాడు. తానే పట్టుకెళ్తాడు కాబోలనుకుని ఆమె పక్కకు తప్పుకుంది. ఆయన అట్టను ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాడు.

"కెమెరా గదికి నువ్వే తీసుకెళ్లు" అన్నాడు.

"దారిలో పట్టీ ఊడితే?"

"ఊడితే వెనక్కి తీసుకురా. నేనిక్కడే ఉంటాను."

కామా అట్టను గుండెలకు ఆనించుకుని, పట్టీ ఉన్న మూల మీద అరచెయ్యి కప్పి, హాలు దాటి కెమెరా గది వైపు నడిచింది.